పేరు దాచి మా మధ్యకు రాకండి: డిజిటల్ మార్కెటింగ్ వృత్తిలో ఉన్నవారికి బహిరంగ లేఖ

డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలు నడిపేవారికి, వాటికి పని అప్పగించే కంపెనీల బ్రాండ్ మేనేజర్లకు, పోస్టుకి ఇంత అని తీసుకుని రాసిపెట్టేవారికి,

నమస్కారం.

కొత్తగా తల్లులైనవారు ఒకరికొకరు సాయం చేసుకునే ఒక ఆన్‌లైన్ గ్రూప్‌కు ఉన్న అడ్మిన్లలో నేనొకదాన్ని. మాలో ఎవరికీ ఈ పనికి జీతం లేదు. మీ వృత్తి అంటే నాకు చిన్నచూపు కూడా లేదు. మంచి వస్తువు తయారైతే అది ఉందని నలుగురికీ చెప్పేవాళ్లు కావాలి. ప్రకటనను ప్రకటనగా చూపించి ఎంతైనా ప్రచారం చేసుకోండి. నేను రాస్తున్నది మరో పని గురించి: మామూలు తల్లిలా పేరు పెట్టుకుని, మామూలు తల్లిలా మాట్లాడుతూ, డబ్బు తీసుకుని ఒక వస్తువును పొగడటం గురించి.

ఈ విషయం మొదట విడిగానే చెప్పాం. మా గ్రూప్‌లో ఒక పాలపొడిని ఇలా పొగుడుతూ కనిపించినదంతా స్క్రీన్‌షాట్లతో సహా ఆ పొడి తయారుచేసే కంపెనీకి పంపాం. మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని జవాబు వచ్చింది. మళ్లీ రాస్తే, ప్రచారం పని బయటి ఏజెన్సీ చూసుకుంటోంది, వాళ్లనే అడగమన్నారు. ఏజెన్సీని అడిగితే, క్లయింట్ అనుమతి లేకుండా ఏమీ చెప్పలేమన్నారు. గ్రూప్ నడుస్తున్న వేదికకు రిపోర్ట్ కొడితే, నిబంధనల ఉల్లంఘన ఏదీ కనబడలేదని ఆటోమేటిక్ సమాధానం వచ్చింది. ఈలోగా మేం తీసేసిన అకౌంట్లే కొత్త పేర్లతో మళ్లీ వచ్చి కూర్చున్నాయి. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

మేం చూసింది ఇదీ. ఒక అకౌంట్ నెలల తరబడి మామూలుగా ఉంటుంది. పిల్లల ఫొటోలకు లైకులు కొడుతుంది, ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే "జాగ్రత్తమ్మా" అని కామెంట్ పెడుతుంది. ఒకరోజు బాగా పొద్దుపోయాక ఆ అకౌంట్ నుంచి ప్రశ్న వస్తుంది: బాబు పాలు తాగాక కూడా ఏడుస్తున్నాడు, పాలు సరిపోవట్లేదేమో, ఏం చేయను? కాసేపటికి రెండో అకౌంట్ వస్తుంది. మా పాపకూ ఇలాగే ఉండేది, ఫలానా పాలపొడి మొదలుపెట్టాక హాయిగా పడుకుంటోంది అంటుంది. మూడో అకౌంట్ "మాకూ బాగా పనిచేసింది" అంటుంది. లింక్ మాత్రం ఎవరూ ఇవ్వరు. ఇస్తే అడ్మిన్ల కంట పడతామని వాళ్లకు తెలుసు. వివరాలు కావాలంటే ఇన్‌బాక్స్‌లో అడగండి అంటారు. ప్రశ్న, జవాబు, సాక్ష్యం మూడూ ఒకచోటే తయారయ్యాయి. మధ్యలో నిజమైన తల్లులు వచ్చి, ఆ లేని బిడ్డ కోసం బాధపడి, తమకు తెలిసిన సలహాలు ఇచ్చి వెళ్లారు.

ఒకే అక్షరదోషం మూడు పేర్ల కింద కనిపించినప్పుడు మాకు మొదటిసారి అనుమానం వచ్చింది. తర్వాత వెనక్కి వెళ్లి చూశాం. ఇది మొదటి కాన్పు అని చెప్పుకున్నామె ఇంకోచోట పెద్దపాప బడికెళ్తోందని రాసి ఉంది. ఒకే పసిబిడ్డ ఫొటో ఇద్దరు తల్లుల బిడ్డగా కనిపించింది. ఆ బిడ్డ ఎవరో, ఆ ఫొటో ఎక్కడ నుంచి ఎత్తుకొచ్చారో మాకు తెలియదు. తన బిడ్డ ముఖం చూపించి ఎవరో ఏదో అమ్ముకుంటున్నారని ఆ కన్నతల్లికీ తెలిసి ఉండదు.

ఇదంతా మర్యాదకు సంబంధించిన చిన్న విషయమని మీలో కొందరు అనుకోవచ్చు. చట్టాలు అలా అనుకోవడం లేదు. యూరోపియన్ యూనియన్ 2005లో తెచ్చిన అనుచిత వ్యాపార పద్ధతుల ఆదేశంలో, ఏ పరిస్థితిలోనూ చేయకూడని పనుల జాబితా ఒకటి ఉంది. వ్యాపారి తనను తాను వినియోగదారుడిగా చూపించుకోవడం ఆ జాబితాలోనే ఉంది. నకిలీ రివ్యూలు పెట్టడం, పెట్టించడం కూడా 2019 సవరణతో అందులో చేరాయి. 2022 మే 28 నుంచి అది అమల్లో ఉంది. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో సవరించిన మార్గదర్శకాల్లోనే ఈ సంగతి స్పష్టంగా ఉంది: ఒక వస్తువును మెచ్చుకునేవారికి ఆ కంపెనీతో డబ్బు, ఉచిత వస్తువు, ఉద్యోగం లాంటి సంబంధం ఏదైనా ఉండి, అది చదివేవాళ్లు ఊహించనిదైతే, దాన్ని బయటపెట్టాలి. నకిలీ రివ్యూలను నిషేధించే నియమం అక్కడ 2024 అక్టోబర్ 21న అమల్లోకి వచ్చింది. ప్రకటన అని చెప్పకుండా చేసే ప్రచారాన్ని జపాన్ 2023 అక్టోబర్ 1 నుంచి నిషేధించింది. బ్రిటన్ నకిలీ రివ్యూలను 2025 ఏప్రిల్ నుంచి నిషేధిత జాబితాలో పెట్టింది. భారతదేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు వచ్చాయి. కంపెనీతో ఉన్న సంబంధాన్ని బయటపెట్టాలని అవి చెబుతున్నాయి. అదే ఏడాది నవంబర్‌లో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా విడుదలైంది. దేశాలు వేరు, భాషలు వేరు. అన్నీ అడుగుతున్నది మాత్రం ఒకటే: నువ్వు ఎవరి తరఫున మాట్లాడుతున్నావో చెప్పు.

బాధ్యత కంపెనీదే, మేం చెప్పిన పని చేసేవాళ్లం మాత్రమే అనే మాట ఏజెన్సీల నుంచి తరచూ వింటున్నాం. ఆ మాట నిలబడదని 2010లోనే తేలింది. రివర్బ్ కమ్యూనికేషన్స్ అనే ప్రచార (పీఆర్) ఏజెన్సీ ఉద్యోగులు తమ క్లయింట్ల గేమ్‌లకు యాపిల్ ఆన్‌లైన్ దుకాణం ఐట్యూన్స్‌లో మామూలు వినియోగదారుల్లా రివ్యూలు రాశారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అప్పుడు ఆ ఏజెన్సీ మీదే కేసు పెట్టింది. ఆ రివ్యూలు తీసేసేలా రాజీ ఒప్పందం చేసుకుంది. కంపెనీలకూ మినహాయింపు లేదు. డబ్బిచ్చి మనుషుల్ని పెట్టి, ఆన్‌లైన్ చర్చల్లో తమ ఫోన్లను పొగిడించి పోటీ కంపెనీని తిట్టించిందని తైవాన్‌లో శామ్‌సంగ్‌కు 2013లో 1 కోటి తైవాన్ డాలర్ల జరిమానా పడింది.

చట్టం సంగతి పక్కన పెట్టినా, మీ వృత్తిలోని పెద్దలు చెప్పిన మాట ఒకటి ఉంది. నోటి మాట ద్వారా ప్రచారం చేసేవారు 2004లో వర్డ్ ఆఫ్ మౌత్ మార్కెటింగ్ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్లు రాసుకున్న నీతి నియమావళిలో మూడు విషయాల్లో నిజాయితీగా ఉండాలన్నారు. ఎవరి తరఫున మాట్లాడుతున్నారో చెప్పాలి, తమ నిజమైన అభిప్రాయమే చెప్పాలి, తామెవరో దాచకూడదు. ఇరవై ఏళ్ల కిందట మీవాళ్లే ఒప్పుకున్న విషయాన్నే నేను ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను.

ఇక ఈ పని వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో చెప్తాను. మీ రిపోర్టుల్లో ఎంతమంది చూశారు, ఎంతమంది స్పందించారు అన్న లెక్కలుంటాయి. ఇవి ఉండవు.

1. మీరు మాట్లాడుతున్నది ఎవరితో, ఏ సమయంలో అన్నది ఒక్కసారి ఆలోచించండి. మా గ్రూప్‌కు వచ్చి అడిగే తల్లి చాలాసార్లు నిద్రలేక, భయపడి, ఇంట్లో ఎవరినీ లేపలేక ఫోన్ పట్టుకున్న మనిషి. ప్రకటన చూసేటప్పుడు ఎవరైనా కాస్త జాగ్రత్తగా ఉంటారు, అమ్మేవాడు గొప్పగానే చెబుతాడని తెలుసు. సాటి తల్లి మాట వినేటప్పుడు ఆ జాగ్రత్త ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. సరిగ్గా ఆ జాగ్రత్త లేని చోటునే మీరు ఎంచుకుంటున్నారు.

పాలపొడి విషయంలో దీని ఫలితం ఒంటి మీదే కనిపిస్తుంది. బిడ్డ ఎంత తాగితే తల్లికి అంత పాలు పడతాయి. పాలు సరిపోవట్లేదన్న భయం పెట్టి పొడి మొదలుపెట్టిస్తే, బిడ్డ తల్లి దగ్గర తాగడం తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి. లేని సమస్య నిజమైన సమస్య అవుతుంది. పాలపొడి అవసరమైన తల్లులు ఉన్నారు, వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ అవసరం ఉందో లేదో బిడ్డను చూసిన డాక్టరో, నర్సో తేల్చాలి. లేని బిడ్డను కన్నట్టు నటించే అకౌంట్ తేల్చకూడదు.

ఈ ప్రమాదం ఇప్పుడు కొత్తగా కనిపెట్టింది కాదు. తల్లిపాల ప్రత్యామ్నాయాల మార్కెటింగ్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు కూర్చునే ప్రపంచ ఆరోగ్య సభ 1981లో ఆమోదించిన అంతర్జాతీయ కోడ్‌లో, మార్కెటింగ్ సిబ్బంది గర్భిణులతో గానీ, పసిపిల్లల తల్లులతో గానీ నేరుగానో పరోక్షంగానో ఏ రకమైన సంబంధమూ పెట్టుకోవడానికి ప్రయత్నించకూడదని ఉంది. అప్పటికి ఇంటర్నెట్ లేదు. 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డిజిటల్ మార్కెటింగ్ మీద ఒక నివేదిక ఇచ్చింది. 2021 జనవరి నుంచి జూన్ వరకు పిల్లల ఆహారం గురించి వచ్చిన 40 లక్షల సోషల్ మీడియా పోస్టులను దాని కోసం పరిశీలించారు. ఆన్‌లైన్ సహాయ గ్రూపులు, బేబీ క్లబ్బులు, డబ్బు తీసుకునే ఇన్‌ఫ్లుయెన్సర్లు, సలహా వేదికలు, ఇవన్నీ తల్లుల దగ్గరకు చేరే దారులుగా మారాయని, చాలాసార్లు అవి ప్రకటనలని గుర్తుపట్టడమే కష్టమని అందులో చెప్పారు. మా గ్రూప్‌లో మేం చూసింది దానికి భిన్నంగా ఏమీ లేదు.

2. చెడు అనుభవం చెప్పినవారి నోరు మూయిస్తున్నారు. పొగిడే పోస్టుల కంటే నాకు ఎక్కువ భయం వేసేది దీనికే. మా గ్రూప్‌లో ఒకామె, ఆ పొడి వాడాక బిడ్డకు విరేచనాలు అయ్యాయని రాసింది. గంటలోపే నాలుగైదు అకౌంట్లు ఆమె మీద పడ్డాయి. కలపడం రాలేదేమో, నీళ్లు మరిగించలేదేమో, పోటీ కంపెనీ మనిషివేమో అన్నారు. ఆమె పోస్ట్ మీద మూకుమ్మడిగా రిపోర్ట్ కొడితే అది తాత్కాలికంగా కనబడకుండా పోయింది. ఆమె గ్రూప్ వదిలి వెళ్లిపోయింది. ఆ పొడి వల్లే అలా జరిగిందో కాదో నాకు తెలియదు. అది తెలుసుకోవాలంటే ముందు ఆమె మాట నలుగురికీ కనబడాలి కదా.

ఇలా చేయడం మీలో కొందరికి అలవాటైన పద్ధతేనని బయటపడిన కేసులు చెబుతున్నాయి. సండే రైలీ అనే సౌందర్య ఉత్పత్తుల కంపెనీ మీద 2019లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన కేసులో, ఉద్యోగుల చేత వేరే పేర్లతో అకౌంట్లు తెరిపించి రివ్యూలు రాయించారని, ఎక్కడ నుంచి రాస్తున్నారో తెలియకుండా ఉండేందుకు ఏర్పాట్లు చెప్పారని, చెడుగా రాసిన రివ్యూలు కనిపిస్తే నచ్చలేదని నొక్కమన్నారని ఉంది. అలా ఎక్కువమంది నొక్కితే ఆ రివ్యూ తొలగిపోతుందన్నది వాళ్ల లెక్క.

మొహానికి రాసుకునే క్రీము అయితే నష్టం కొంతవరకే. పసిపిల్లల వస్తువుల దగ్గర చెడు అనుభవమంటే అది హెచ్చరిక. పళ్లు వచ్చేటప్పుడు నొప్పి తగ్గుతుందంటూ పిల్లల మెడలో వేసే అంబర్ పూసల దండల మీద అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబర్‌లో హెచ్చరిక జారీ చేసింది. పద్దెనిమిది నెలల బిడ్డ నిద్రలో అలాంటి దండ మెడకు బిగుసుకుని చనిపోయింది. వాలుగా ఉండే ఒక రకం పడక, రాక్ ఎన్ ప్లే, సుమారు 47 లక్షలు అమ్ముడయ్యాక 2019 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నారు. అప్పటికి దానితో ముడిపడిన మరణాలు 30 దాటాయి. ఈ రెండింటినీ దొంగచాటుగా ప్రచారం చేశారని నేను అనడం లేదు. ఇలాంటి వస్తువుల్లో ప్రమాదం ఉందని మొదట గమనించేది ఇంట్లో వాడుతున్నవాళ్లే అంటున్నాను. వాళ్లు భయపడి మాట్లాడటం మానేస్తే తర్వాతి తల్లికి తెలిసే దారి మూసుకుపోతుంది.

3. నిజంగా సాయం చేసేవాళ్ల మీద అనుమానం పడుతోంది. బయటివారికి ఇది పెద్దగా కనబడదు, మాకు మాత్రం ఇదే అన్నిటికంటే పెద్ద నష్టం.

ఈ గ్రూపులు ఎలా నడుస్తాయో ఒకసారి చూడండి. ముగ్గురు పిల్లల్ని పెంచిన ఒకామె, తన పని తాను చూసుకోవచ్చు. అయినా కూర్చుని, ముఖం తెలియని అమ్మాయికి పాలు పట్టే పద్ధతి గురించి పేజీడు రాస్తుంది. ఆమెకు దాని వల్ల వచ్చేదేమీ లేదు. తాను ఒకప్పుడు పడిన కష్టం ఇంకొకరు పడకూడదనే. చదివే అమ్మాయి నమ్మడానికి కారణం కూడా అదే: ఈమెకు నా దగ్గర నుంచి ఏమీ అక్కర్లేదు. గ్రూప్ మొత్తం ఆ ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది.

మీ అకౌంట్లు బయటపడ్డాక ఏం జరిగిందో చెప్తాను. ఏ తల్లి ఏ వస్తువు పేరు చెప్పినా "నీకెంత ఇచ్చారు" అన్న ప్రశ్న వస్తోంది. డాక్టర్ రాసిచ్చిన మందు పేరు చెప్పినామెను ఏజెంట్ అన్నారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను పెంచిన ఒకామె, తనకు ఎంతో ఉపయోగపడిన పాల పంపు గురించి రాయబోయి, ఎందుకొచ్చిన గొడవ అని మానుకున్నానని నాకు విడిగా మెసేజ్ పెట్టింది. అలాంటి బిడ్డలున్న తల్లులకు ఆ సమాచారం ఎంత అవసరమో మాకు తెలుసు. ఇప్పుడు అది వాళ్లకు అందదు. అబద్ధం రాసినవారు పేరు మార్చుకుని వెళ్లిపోయారు, అనుమానం మాత్రం నిజం రాసేవారికి మిగిలింది.

మేం కూడా మారిపోయాం. కొత్తగా చేరిన తల్లి బిడ్డ ఏడుస్తున్నాడని రాస్తే, ముందు సాయం చేయాలనిపించాలి. ఇప్పుడు ముందు ప్రొఫైల్ ఎప్పటిదో చూస్తున్నాం. భయపడి వచ్చిన మనిషిని అలా పరీక్షించాల్సి రావడం మాకు చాలా బాధగా ఉంది.

4. అబద్ధం ఆ రోజుతో పోదు. గ్రూపుల్లో జరిగిన చర్చలు ఏళ్ల తరబడి సెర్చ్‌లో కనిపిస్తూనే ఉంటాయి. ప్రకటనలతో విసిగిపోయిన జనం, మామూలు మనుషులు ఏమన్నారో చూద్దామని ఈ చర్చల్నే వెతుకుతారు. ఇప్పుడు ఏఐ చాట్ సాధనాలు కూడా ఇలాంటి రాతల నుంచి నేర్చుకుని, వాటిని క్రోడీకరించి జవాబులు ఇస్తున్నాయి. డబ్బిచ్చి రాయించిన మూడు కామెంట్లు అక్కడికి చేరేసరికి "చాలామంది తల్లుల అనుభవం" అయిపోతాయి. ఎవరు రాశారో, ఎందుకు రాశారో అప్పుడు ఎవరూ వెనక్కి వెళ్లి చూడలేరు.

5. రాసిపెట్టేవాళ్ల గురించి కూడా. పోస్టుకి ఇంత అని తీసుకుని రాస్తున్నవారిలో విద్యార్థులు, ఇంటి దగ్గర నుంచే నాలుగు డబ్బులు సంపాదించుకుందామనుకునే ఆడవాళ్లు చాలామంది ఉంటారు. కంటెంట్ రైటింగ్ అని చెప్పి పనిలోకి తీసుకుంటారు, తర్వాత పేర్లు, ఫొటోలు, కట్టుకథలు ఇచ్చి పోస్ట్ చేయమంటారు. పట్టుబడినప్పుడు అకౌంట్ పోయేది వాళ్లది. పని చెప్పినవారి పేరు ఎక్కడా ఉండదు. ఈ లేఖ చదివి వాళ్ల మీద విరుచుకుపడొద్దని మా సభ్యులను కోరుతున్నాను.

మీ వైపు నుంచి వినిపించే మాటలు కూడా నేను విన్నాను. వస్తువు మంచిదే కదా, ఎవరికీ నష్టం లేదు కదా అంటారు. వస్తువు మంచిదైనా, ఆ మాట అమ్మేవాళ్ల నుంచి వస్తోందా, వాడినవాళ్ల నుంచి వస్తోందా అని తెలుసుకుని తూకం వేసుకునే హక్కు కొనేవారిది. మీరు దాన్ని వాళ్లకు తెలియకుండా తీసేసుకుంటున్నారు. పోటీలో అందరూ చేస్తున్నారు, మేం ఒక్కళ్లం మానేస్తే మునిగిపోతాం అంటారు. ఈ ఇబ్బంది నిజమేనని ఒప్పుకుంటాను. నిజాయితీగా పనిచేసే ఏజెన్సీ టెండర్‌లో ఓడిపోవడం నిజంగా అన్యాయం. అందుకే ఈ లేఖ ఒక్క ఏజెన్సీకి కాకుండా వృత్తి మొత్తానికి రాస్తున్నాను.

ఇంకొందరు, డబ్బు తీసుకున్నామని చెబితే ఎవరూ నమ్మరు అంటారు. నమ్మరని మీకు ముందే తెలిసి దాస్తున్నారంటే, ఇప్పుడు దొరుకుతున్న నమ్మకం దాచడం వల్లే వచ్చిందని మీకూ తెలుసు.

చెప్పి మాట్లాడితే నమ్మరన్నది కూడా పూర్తిగా నిజం కాదు. మా గ్రూప్‌లోనే ఒకామె సొంతంగా పిల్లల బట్టలు కుట్టి అమ్ముతుంది. ప్రతిసారీ మొదటి వాక్యంలోనే, ఇవి నేను కుట్టి అమ్మేవి అని రాస్తుంది. గుడ్డ గురించి ఎవరైనా అడిగితే తనకు తెలిసింది చెబుతుంది, వేరేచోట కొనుక్కున్నా సరే. ఆమె మాట అందరూ వింటారు. ఒక కంపెనీ పోషకాహార నిపుణురాలు తన ఉద్యోగం పేరుతోనే వచ్చి ప్రశ్నలకు జవాబులు ఇచ్చిన రోజున కూడా ఎవరూ గొడవ చేయలేదు. అడగాల్సినవి గట్టిగా అడిగారు, ఆమె ఓపిగ్గా చెప్పింది.

మేం అడుగుతున్నవి ఇవి.

1. ఇప్పటికే నడుస్తున్న నకిలీ అకౌంట్లన్నిటినీ ఆపండి. ముఖ్యంగా ఆరోగ్యం, గర్భం, పసిపిల్లలు, దీర్ఘకాల జబ్బులు, అప్పుల సమస్యల గురించి మాట్లాడుకునే గ్రూపుల్లో ఈ పని ఈ రోజే ఆగాలి. మిగతా చోట్ల గడువు కావాలంటే మాట్లాడుకోవచ్చు, ఇక్కడ మాత్రం గడువు లేదు.

2. పెట్టిన పోస్టులను చడీచప్పుడు లేకుండా తీసేయకండి. వాటి కిందే, ఇది ఫలానా కంపెనీ తరఫున డబ్బు తీసుకుని రాసిందని చెప్పి, కొంతకాలం అలాగే ఉంచండి. చదివి నమ్మినవారికి ఆ సంగతి తెలియాలి.

3. కంపెనీలు ఏజెన్సీలతో చేసుకునే ఒప్పందాల్లో, గుర్తింపు దాచి ఏ గ్రూప్‌లోనూ ప్రచారం చేయకూడదన్న షరతు రాయండి. ఉల్లంఘిస్తే ఒప్పందం రద్దని రాయండి. బయటి ఏజెన్సీ చేసింది, మాకు తెలియదు అన్న జవాబు ఇక మీదట చెల్లకూడదు.

4. ఉచితంగా వస్తువు ఇచ్చినా, కమిషన్ లింక్ ఇచ్చినా, డిస్కౌంట్ కోడ్ ఇచ్చినా, రాసేవారు ఆ సంగతి పోస్ట్ మొదట్లోనే, చదివే భాషలోనే చెప్పేలా చూడండి. తెలుగులో రాసిన పోస్ట్ చివర, పాతిక హ్యాష్‌ట్యాగ్‌ల మధ్య ఇంగ్లిష్‌లో మూడక్షరాల గుర్తు పెడితే చెప్పినట్టు కాదు.

5. చెడు అనుభవం రాసినవారి మీద మూకుమ్మడి రిపోర్టులు, వెక్కిరింపులు పూర్తిగా ఆపండి. వస్తువు మీద ఫిర్యాదు కనిపిస్తే కంపెనీ తన పేరుతో వచ్చి, బ్యాచ్ నంబర్ అడిగి, ఏం చేయబోతోందో అక్కడే చెప్పాలి.

6. ఎవరి పిల్లల ఫొటోలనూ ఇలాంటి ప్రొఫైళ్లకు వాడొద్దు. ఇప్పటిదాకా వాడినవి ఎక్కడ నుంచి తీసుకున్నారో గుర్తించి, ఆ తల్లిదండ్రులకు తెలియజేయండి.

7. పోస్టులు రాసిపెట్టే పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు, వాళ్లు చేయబోయేది ఏమిటో, చట్టం ఏమంటోందో ముందే రాతపూర్వకంగా చెప్పండి. కట్టుకథ రాయనన్నవారికి పని తీసేయొద్దు.

8. మీ వృత్తి సంఘాలు దీని మీద ఫిర్యాదు తీసుకునే ఒక చిరునామా పెట్టాలి. మాలాంటి అడ్మిన్లు స్క్రీన్‌షాట్లు పంపితే మనిషి చూసి, మనిషి జవాబివ్వాలి. తప్పు చేసిన ఏజెన్సీ పేరు బయటపెట్టాలి. నిజాయితీగా పనిచేసేవారికి పోటీలో న్యాయం జరగడానికి కూడా ఇది అవసరం.

గ్రూపుల వేదికలు నడిపే కంపెనీలకు కూడా ఒక మాట. ఏ అకౌంట్లు ఒకేచోట నుంచి నడుస్తున్నాయో చూడగలిగేది మీరే, మాకు ఆ దారి లేదు. మేం అక్షరదోషాలు పోల్చుకుంటూ పట్టుకున్నదాన్ని మీరు చాలా ముందే గమనించగలరు. అడ్మిన్ల ఫిర్యాదును యంత్రానికి వదిలేయకండి.

మా వంతుగా మేం చేస్తున్నది కూడా చెప్తాను. వస్తువు పేరు చెప్పే ప్రతి ఒక్కరూ కంపెనీతో తమకు సంబంధం ఉందో లేదో ఒక వాక్యంలో చెప్పాలని గ్రూప్ నియమాల్లో చేర్చాం. అమ్ముకునేవారు తమ పేరుతో రాసుకోవడానికి వారంలో ఒక రోజు విడిగా పెట్టాం. ఏ సభ్యురాలినైనా ఆధారం లేకుండా ఏజెంట్ అంటే ఆ కామెంట్ తీసేస్తున్నాం. ఇన్‌బాక్స్‌కు రమ్మనే కామెంట్లను అనుమతించడం లేదు.

ఈ లేఖకు జవాబు మాకు విడిగా అక్కర్లేదు, బహిరంగంగానే ఇవ్వండి. ఈ నెలాఖరులోగా కంపెనీ నుంచి గానీ, ఏజెన్సీ నుంచి గానీ సమాధానం రాకపోతే, మా దగ్గరున్న స్క్రీన్‌షాట్లన్నీ తల్లుల పేర్లు, పిల్లల ముఖాలు కనబడకుండా చేసి వినియోగదారుల రక్షణ అధికారులకు ఫిర్యాదుతో జతచేసి పంపుతాం. ఫిర్యాదు ప్రతి ఇప్పటికే సిద్ధంగా ఉంది.

ఇట్లు,
తల్లుల సహాయ బృందం అడ్మిన్ల తరఫున,
ఒక అడ్మిన్